సంక్రాంతికి సొంత బోటులో అంతర్వేది వెళ్దామనుకుంటున్నాం, లైసెన్సు కావాలా?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. నలుగురు స్నేహితులం కలిసి ఇంజనుతో సహా ఒక సెకండ్ హ్యాండ్ ఫైబర్ బోటు బేరమాడి పెట్టాం. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. సంక్రాంతికి ఇంట్లోవాళ్ళందరినీ ఎక్కించుకుని దిండి నుంచి అంతర్వేది దాకా వెళ్ళి, నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు చూసి రావాలని కోరిక. పెద్దా చిన్నా కలిపి 11 మందిమి. మాలో ఇద్దరికి ఈత బాగా వచ్చు. మా తాతగారు ఒకప్పుడు రేవులో పడవ నడిపేవారు, ఇప్పుడాయనకు 82 ఏళ్ళు, చూపు సరిగా ఆనదు. లైసెన్సు కావాలేమో అని మా మావయ్యని అడిగితే "గోదాట్లో నిన్నెవడడుగుతాడ్రా" అన్నారు. పండగ అయ్యాక దిండి వచ్చే టూరిస్టులను తిప్పితే ఖర్చు వెనక్కొస్తుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. మా ఆవిడ మాత్రం నాలుగేళ్ళ పాపను ఎక్కించేది లేదంటోంది. ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారు?

సమాధానం: బాబూ, ముందు మీ ఆవిడ మాట. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళూ సరైనది. ఈ సంక్రాంతికి పాపను ఎక్కించకండి. పాపనే కాదు, ఇంట్లోవాళ్ళెవరినీ ఎక్కించకండి. బోటు కొనవద్దని నేను అనడం లేదు. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి నీళ్ళ మీదికి వెళ్ళాలనిపించడం సహజం, అది మంచి కోరికే. కానీ మీకు బోటు నడపడం రాదు. మీ ఉత్తరంలో బేరం, ఖర్చు, లైసెన్సు అన్నీ ఉన్నాయి గానీ, నడిపేది ఎవరు, ఆయన ఎక్కడ నేర్చుకున్నాడు అన్న మాట ఒక్కచోటా లేదు.

ఇద్దరికి ఈత వచ్చని రాశారు. ఎక్కడ నేర్చుకున్నారు? మా రోజుల్లో అందరమూ పంటకాలువలోనే నేర్చుకున్నాం, మీరూ అంతే అయ్యుంటారు. కాలువలో ఎటు నాలుగు బారలు వేసినా గట్టు తగులుతుంది. చించినాడ వంతెన కింద మన గోదావరి పాయ, వశిష్ఠ వెడల్పు ఒక్కసారి చూసుకోండి. అక్కడ బోటు బోల్తా పడితే, ఈత వచ్చిన ఇద్దరూ తమ ప్రాణం కాపాడుకుంటే అదే ఎక్కువ. మిగతా తొమ్మిది మందిని ఆ ఇద్దరూ ఒడ్డుకు చేర్చడం జరిగే పని కాదు.

నా సంగతి ఒకటి చెబుతాను. నాకప్పుడు 20 ఏళ్ళు. దసరా సెలవుల్లో మా పిన్నిగారబ్బాయి, నేను కలిసి పక్కింటివారి నాటు పడవ అడిగి తీసుకుని, గెడ వేసుకుంటూ సఖినేటిపల్లి ఎగువన ఒక ఇసుక తిన్నె దాకా వెళ్ళాం. వెళ్ళేటప్పుడు ఏ కష్టమూ లేదు, గెడ ఎక్కడ దింపినా నేల అందింది. తిన్నె మీద కాసేపు కూర్చుని లేచేసరికి నీరు తీసేసి పడవ ఇసుకలో కూర్చుండిపోయింది. తోద్దామని మావాడు దిగాడు. మోకాలి లోతు. ఒక అడుగు వేశాడు, తొడ లోతు. పడవ కదిలింది. ఇంకో అడుగు వేసేసరికి మనిషి కనబడలేదు. తిన్నె అంచు అక్కడ గోడలా తెగిపోయి ఉంది. పైకి తేలినప్పుడు వాడి చేతివేళ్ళు నాలుగు పడవ అంచు మీద పడ్డాయి, ఆ గోళ్ళు తెల్లగా పాలిపోయి ఉండటం నాకిప్పటికీ కనిపిస్తుంది. నేను గెడ అందించాను గానీ, ఆ చివర నేలకు ఆనించుకుందామంటే నేలే లేదు. మేమిద్దరమూ, పడవా కలిసి దిగువకు కొట్టుకుపోతుంటే వలలు తీస్తున్న ఇద్దరు మత్స్యకారులు చూసి అడ్డం వచ్చారు. వాళ్ళు ఆ సమయానికి అక్కడ లేకపోతే ఈ జవాబు రాయడానికి నేనుండేవాడిని కాదు. మేమిద్దరం గోదావరి ఒడ్డునే పుట్టి పెరిగాం. ఇద్దరికీ ఈత వచ్చు.

ఆ రోజు మాకు తెలియనిది ఒక్కటే, పాటు, అంటే పోటు తరువాత సముద్రం నీటిని వెనక్కి లాగే వేళ. మీరు తెలుసుకోవలసిన మొదటి సంగతి కూడా అదే. సంక్రాంతి రోజుల్లో ఎగువ నీరంతా ధవళేశ్వరం దగ్గర కాలువలకు మళ్ళిపోతుంది. బ్యారేజీ దిగువన పాయల్లోకి వచ్చే నీరు చాలా తక్కువ. అందుకని దిండి దగ్గర నది నిలిచి ఉన్నట్టు, చెరువులా కనిపిస్తుంది. కానీ అక్కడ నీటిని నడిపించేది సముద్రం. సుమారు ఆరు గంటలు పోటు నీటిని పైకి తోస్తుంది, మరో ఆరు గంటలు పాటు దాన్ని కిందకి లాగుతుంది. పోటు రోజూ ముందు రోజుకంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అంతర్వేది దగ్గర తిరిగిన నీరు దిండి దగ్గర అప్పుడే తిరగదు, కొంత ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో వడి ఎక్కువ, అష్టమి అటూ ఇటూ తక్కువ. అందుకే పాతకాలం పడవవాళ్ళు గడియారం కంటే ముందు తిథి చూసుకునేవారు.

ఇప్పుడు మీ ప్రయాణం ఊహించుకోండి. పొద్దున్న పాటు మీద దిండి నుంచి దిగితే బోటు హాయిగా సాగిపోతుంది, ఇంజను ఎంత బాగుందో అనుకుంటారు. నరసాపురం దాటాక నది వెడల్పవుతుంది. అక్కడ ఇంజను ఆగిపోయిందనుకోండి. నీరు గంటకు 4 కిలోమీటర్ల వడిలో లాగుతోందనుకుంటే, మీరు ప్లగ్గు విప్పి, తుడిచి, మళ్ళీ తాడు లాగే అరగంటలో 2 కిలోమీటర్లు కిందకి వెళ్ళిపోతారు. కిందన ఉన్నది మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు. పాటు నీరు బయటకు ఉరికే వేళ సముద్రపు కెరటాలు దానికి ఎదురొస్తాయి. రెండూ ఢీకొన్న చోట కెరటం పొట్టిగా, నిటారుగా లేచి విరుగుతుంది. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర రెండు నీళ్ళు కలిసే గీత ఒడ్డునుంచి చూడటానికి ఎంత బాగుంటుందో, చిన్న బోటుకు అంత చెడ్డ చోటు. రోజూ వేటకు వెళ్ళేవాళ్ళు కూడా మొగ దాటడానికి వేళ చూసుకుంటారు. అది మీరు బోటులో వెళ్ళి చూడవలసిన చోటు కాదు. గుడి దాకా కారులో వెళ్ళి, గట్టు మీద నడిచి చూడండి.

అంత వడిలో ఇంజను ఆగితే మిమ్మల్ని నిలబెట్టేది లంగరు. బేరం పెట్టిన బోటులో లంగరు ఉందా, దాని తాడు ఎంత పొడవు అని అడిగారా? తాడు నీటి లోతుకు కనీసం ఐదు రెట్లు ఉండాలి. పొట్టి తాడైతే లంగరు నిటారుగా వేలాడుతుంది, నేలను పట్టదు. ఇంజను ఆగగానే చేయాల్సిన మొదటి పని లంగరు వేయడం. ఇంజను సంగతి ఆ తరువాత. కొత్తవాళ్ళు దీన్ని తలకిందులుగా చేస్తారు.

సంక్రాంతికి ఇంకో ప్రమాదముంది, పొగమంచు. భోగి తెల్లవారుజామున మన గట్ల మీద ఎదురుగా వచ్చే సైకిలు కూడా కనబడదు, మీకు తెలియనిది కాదు. నది మీద అంతకంటే దట్టంగా ఉంటుంది. ఆ మంచులోనే పడవలు, వేట బోట్లు తిరుగుతుంటాయి. మంచు పూర్తిగా విడిచి అవతలి గట్టు మీద కొబ్బరిచెట్లు విడివిడిగా కనబడేదాకా తాడు విప్పకూడదు. చీకటి పడకముందే రేవు చేరిపోవాలి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు, అంటే మనుషులను, బండ్లను దాటించే పెద్ద పడవ, తిరిగే చోట ఇంకా జాగ్రత్త కావాలి. మీ కోసం అది చప్పున ఆగలేదు, చప్పున తిరగలేదు. దాని ముందు నుంచి కోసుకుని వెళ్ళకుండా ఆగి, అది దాటాక వెనకనుంచి వెళ్ళండి.

మన రోడ్డు అలవాటు ఇక్కడ పనికిరాదని కూడా గుర్తుంచుకోండి. రోడ్డు మీద ఎడమ పక్క వెళ్తాం. నీళ్ళ మీద కుడి పక్క వెళ్ళాలి. రెండు బోట్లు ఎదురెదురుగా వస్తే రెండూ కుడికే తిరగాలి. కారు నడిపే చెయ్యి కంగారులో తనకు తెలియకుండానే ఎడమకు లాగుతుంది.

ఇక లైసెన్సు. కావాలి. ఇంజను ఉన్న ఏ పడవకైనా 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వర్తిస్తుంది. 1917 నుంచి ఉన్న పాత చట్టం స్థానంలో 2022 జూన్ నుంచి ఇది అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం మూడు సంగతులు వేరువేరుగా చూసుకోవాలి. ఒకటి బోటు. దాన్ని సర్వేయరు చూసి, నీళ్ళ మీద తిరగడానికి పనికొస్తుందని సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆ తరువాత రిజిస్ట్రేషన్ అవుతుంది, ఆ నంబరు బోటు మీద కనబడేలా రాయాలి. రెండోది ఇన్సూరెన్సు. మూడోది మనిషి. నడిపేవాడికి, ఇంజను చూసేవాడికి యోగ్యతా సర్టిఫికెట్ ఉండాలి. మన రాష్ట్రంలో ఇవన్నీ చూసే ప్రభుత్వ ఆఫీసు ఏదో ముందు కనుక్కోండి. అడ్వాన్సు ఇచ్చే ముందే ఆ ఆఫీసుకు వెళ్ళి, బోటు ఫొటోలు, ఇంజను వివరాలు, కొలతలు చూపించి, మీ సొంత వాడకానికి ఏమేం కావాలో రాతపూర్వకంగా అడగండి. కేంద్ర చట్టం కాబట్టి ఒక రాష్ట్రంలో అయిన రిజిస్ట్రేషన్ ఇంకో రాష్ట్రంలోనూ చెల్లుతుంది, యానాం వైపు వెళ్ళినా మళ్ళీ చేయించక్కర్లేదు. ఇంజను లేని తెడ్డు పడవకు ఇంత తతంగం లేదు. దాన్ని స్థానిక సంస్థ దగ్గర నమోదు చేయిస్తే చాలు.

సెకండ్ హ్యాండ్ ఫైబర్ బోటు అన్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. మన తీరంలో అమ్మకానికి వచ్చే ఫైబర్ బోట్లలో చాలావరకు వేటకు తిరిగినవే. పక్కన ఐఎన్‌డీ, ఏపీ అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటే అది చేపల వేటకు ఇచ్చిన రిజిస్ట్రేషను. "నంబరు ఉంది కదండీ, అన్నీ సక్రమంగానే ఉన్నాయి" అని అమ్మేవాళ్ళు చెప్పొచ్చు. ఆ నంబరు మీ అవసరానికి పనికిరాదు. ఆ బోటు తయారైంది వలలు, చేపలు మోయడానికి, అందులో ఉండేది బోటు ఊగినప్పుడు ఒంగి నిలదొక్కుకోగల నలుగురైదుగురు మనుషులు. అందులో 11 మందిని, అందులోనూ పండగ చీరల్లో, చంటిపిల్లలతో కూర్చోబెట్టడం వేరే పని.

ఈ 11 మంది లెక్కే నాకు ఎక్కువ భయం వేయించింది. ఎంతమంది పడతారు అన్నది ఒక ప్రశ్న, ఎంతమందిని మోస్తుంది అన్నది ఇంకొకటి. బోటు మోసేది బరువును, బల్లలను కాదు. ఖాళీగా ఉన్నప్పుడు నీటికి అంచు ఎంత ఎత్తులో ఉందో జానతో కొలవండి. ఒక్కొక్కరే ఎక్కుతుంటే అది ఎలా తగ్గిపోతుందో చూడండి. అంచు నీటికి దగ్గరైన కొద్దీ, పక్కనుంచి పంటు వెళ్ళినప్పుడు లేచే అల కూడా లోపలికి వచ్చేస్తుంది. లోపలికి వచ్చిన నీరు ఒక పక్కకు దొర్లుతుంది, బోటు అటే ఒరుగుతుంది. అప్పుడు అందరూ భయపడి లేచి నిలబడతారు. బోటు తిరగబడేది అప్పుడే. సర్వేలో ఎంతమంది అని రాసి ఇస్తారో అంతకంటే ఒక్క మనిషి ఎక్కువ వద్దు. ఒళ్ళో కూర్చున్న పాప కూడా లెక్కలోకే వస్తుంది.

మీ మావయ్య మాట గురించి కోపం లేకుండా చెబుతాను. ఆయన అన్నది ఒకందుకు నిజమే కావచ్చు. మీ రేవులో ఎవరూ అడగకపోవచ్చు. కానీ 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిన బోటును గుర్తు చేయండి. 77 మంది ఎక్కితే ప్రాణాలతో బయటపడ్డది 26 మంది. వాళ్ళను కాపాడింది కూడా ఒడ్డున ఉన్న గిరిజన గ్రామస్తులు, తమ చిన్న పడవలేసుకుని వచ్చి. ఆ రోజు గోదావరిలో నీరు సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 11.75 అడుగులకు, అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులప్పుడు. అందులో సగం నీటికే అంత ఘోరం జరిగింది. హెచ్చరిక లేదు కదా అని వానాకాలంలో ఎర్రనీటి మీదికి బోటు దింపే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇది వినిపించండి. అంతకు ముందు ఏడాది, 2018 మే 15న, అదే మండలంలో లాంచీ గాలివానలో మునిగింది. జల్లు కొడుతోందని తలుపులు, కిటికీలు మూసుకుని లోపల కూర్చున్నవాళ్ళు బయటికి రాలేకపోయారు. వేసవి సాయంత్రం పడమట మబ్బు నల్లబడితే తక్షణం ఒడ్డు పట్టాలి, తడిసినా సరే బయటే కూర్చోవాలి.

అదే 2018 జులై 14న మన కోనసీమలోనే, ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర, బడి నుంచి ఇళ్ళకు వెళ్తున్న పిల్లలున్న పడవ కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. స్తంభానికి ఎగువ పక్క నీరు బోటును దాని మీదకే తోస్తుంది. అడ్డంగా తగిలిందంటే ఆ ఒత్తిడికి ఒరిగి నీళ్ళు తాగుతుంది. మీరు తిరగబోయే చోట చించినాడ వంతెన ఉంది. కోటిపల్లి, నరసాపురం రైలు మార్గం కోసం పాయల్లో లేపిన స్తంభాలున్నాయి. వాటి మధ్య ఖాళీలోంచి, నీటి వడికి నేరుగా, నడిమధ్యన వెళ్ళాలి. స్తంభం దగ్గర ఆగి సెల్ఫీలు తీసుకోవడాలు వద్దు.

లైఫ్ జాకెట్ల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. ఒక పర్యాటక రేవులో నాకిచ్చిన జాకెట్ బకిల్ విరిగిపోయి, దాని స్థానంలో పురికొస ముడి వేసి ఉంది. లోపలి స్పాంజి పిండితే చేతికి నీళ్ళొచ్చాయి. దాన్ని మెడలో వేసుకుని మేమందరం ఫొటో దిగాం. తరువాత దాన్ని తలచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. మీరు కొనేటప్పుడు మెత్తగా, రంగురంగులుగా ఉన్నదని కొనకండి. మనిషిని ఎంత బలంగా తేల్చగలదో లోపల న్యూటన్లలో రాసి ఉంటుంది, అది చూడండి. 50 అని ఉంటే ఈత వచ్చినవాడికి ఆసరా మాత్రమే. 100, అంతకు పైన ఉన్నవి వేసుకుంటే నిలకడైన నీటిలో స్పృహ తప్పినవాడి ముఖాన్ని కూడా చాలావరకు పైకి తిప్పి నిలుపుతాయి. ఈత రానివాళ్ళకు అదే కావాలి. ఎంత బరువు మనిషికి సరిపోతుందో కూడా దాని మీదే ఉంటుంది. పెద్దవాళ్ళ జాకెట్ పిల్లలకు వేస్తే పిల్ల కిందకి జారిపోతుంది, జాకెట్ మాత్రం తేలుతుంది. పాపకు కొనేదానికి కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీ ఉండాలి. కొట్లోనే వేసి, పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పాపను పైకి లేపి చూడండి. గడ్డం మీదుగా, చెవులు దాటి జాకెట్ పైకి జారితే అది పాపది కాదు. ఇంటికొచ్చాక పంటకాలువలో నడుము లోతున మీరు నిలబడి, పాపకు వేసి తేల్చి చూడండి. బోటు ఎక్కకముందే ఆ నీళ్ళకు అలవాటు పడుతుంది, ఏడవదు.

అమ్మగారికి, అత్తగారికి చీర మీదే జాకెట్ వేయాలి. కొంగు జాకెట్ లోపల బిగిసి ఉండాలి, బయట వేలాడకూడదు. కుచ్చిళ్ళు తడిస్తే కాళ్ళకు చుట్టుకుని ఆడనివ్వవు, అందుకే చీర కట్టుకున్నవాళ్ళకు ఈత వచ్చినా సరే జాకెట్ తప్పదు. ఉక్కపోస్తోందని, ఫొటోలో బాగోదని మధ్యలో విప్పేస్తారు. విప్పితే బోటు వెనక్కి తిప్పేస్తానని రేవులోనే చెప్పేయండి, అన్నట్టే తిప్పేయండి. ఒక్కసారి తిప్పితే రెండోసారి ఎవరూ విప్పరు.

ఇంజను దగ్గర ఒక ఎర్ర తాడు ఉండాలి, ఒక కొస ఇంజను స్విచ్చికి, ఇంకో కొస నడిపేవాడి మణికట్టుకో జాకెట్‌కో తగిలించి. అతను నీళ్ళలో పడితే ఆ తాడు ఊడి ఇంజను ఆగుతుంది. అది లేకపోతే ఖాళీ బోటు గుండ్రంగా తిరిగి పడిపోయిన మనిషి మీదికే వస్తుంది. పాత బోట్లలో దీన్ని తీసేసి తీగలు కలిపేస్తుంటారు. మీరు చూసిన దానిలో అలా ఉంటే ముందు అది బాగుచేయించండి. ఎవరైనా నీళ్ళలో పడితే వెంటనే వెనకాల దూకకండి. ఒకరు అతని మీదనుంచి చూపు తిప్పకుండా వేలు చూపిస్తూ ఉండాలి, ఇంకొకరు తాడు కట్టిన ఖాళీ డబ్బానో ట్యూబో విసరాలి, నడిపేవాడు నెమ్మదిగా దగ్గరికొచ్చి, మనిషి ఇంజను పంకా దగ్గరికి రాకముందే ఇంజను ఆపేయాలి. ఫోన్లు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి, అత్యవసర నంబరు 112 గుర్తుంచుకోండి. బయల్దేరే ముందు ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో గట్టు మీద ఒకరికి చెప్పి వెళ్ళాలి. తాగినవాడు బోటెక్కకూడదు, పండగైనా సరే.

టూరిస్టులను తిప్పే ఆలోచన పూర్తిగా మానుకోండి. డబ్బు తీసుకుని తిప్పే బోటుకు అనుమతులు, సిబ్బంది, ఇన్సూరెన్సు లెక్కే వేరు. నేర్చుకుంటున్నవాడు పరాయివాళ్ళ పిల్లలను ఎక్కించుకోకూడదు. మీ స్నేహితుడికి నా మాటగా చెప్పండి.

మరి ఇప్పుడేం చేయాలి? సెలవుకు వచ్చిన ప్రతిసారీ, రిజిస్ట్రేషన్ ఉన్న బోటు నడిపే సరంగు ఒకరిని ఒప్పించి, రోజు కూలి ఇచ్చి, ఆయన పక్కన కూర్చోండి. మొదట ఏమీ ముట్టుకోవద్దు, ఆయన ఎక్కడ వేగం తగ్గిస్తున్నారో, ఎందుకు ఒక పక్కకు ఒరుగుతున్నారో చూడండి. తిన్నెలు ప్రతి వరదకూ చోటు మారతాయి. నిరుడు లోతున్న దారి ఈ ఏడు ఉండకపోవచ్చు, ఆ లెక్క రోజూ తిరిగే మనిషి దగ్గరే ఉంటుంది. పద్ధతిగా నేర్చుకోవాలంటే గోవాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఉంది, కేంద్ర పర్యాటక శాఖది. పవర్ బోటు నడపడానికీ, నీళ్ళలో ప్రాణాలు కాపాడటానికీ అక్కడ కోర్సులున్నాయి. నలుగురూ గోవా ట్రిప్పు ఎలాగూ వేస్తారు కదా, ఈసారి ఆ పని మీద వేయండి. ఆ తరువాత బోటు కొనుక్కుని, కాగితాలు చేయించుకుని, మొదటి ఏడాది మీ నలుగురే తిరగండి. ఇంజను కావాలని ఆపేసి లంగరు వేయడం, తెడ్డుతో ఒడ్డు చేరడం, నీళ్ళలో దిగిన మనిషిని పైకి లాగడం చేసి చూసుకోండి. తడిసిన పెద్దమనిషిని బోటులోకి లాగడం ఎంత కష్టమో ఒక్కసారి చేస్తేనే తెలుస్తుంది. ఇవన్నీ చేతికి వచ్చాక, ఇంట్లో అందరికంటే ముందు మీ ఆవిడను ఎక్కించుకుని తిప్పండి. ఆమె దిగాక పాపను ఎక్కించవచ్చంటే ఎక్కించండి.

ఈ సంక్రాంతికి మాత్రం ఒక పని ఉంది. మీ తాతగారికి చూపు ఆనదన్నారు. ఆయనను కుర్చీతో సహా రేవుకు తీసుకెళ్ళి నీటి పక్కన కూర్చోబెట్టండి. పాపను కూడా తీసుకెళ్ళండి. పాటు పోయి పోటు తిరిగే ముందు నీరు కాసేపు నిలిచినట్టు అవుతుంది. గుర్రపుడెక్క తుంటలు ఎటూ పోకుండా ఉన్నచోటే ఆగి, తరువాత నెమ్మదిగా పైకి కదలడం మొదలెడతాయి. ఆ వేళ ఎలా పట్టుకునేవారో, చెవితోనో, చెంపకు తగిలే గాలితోనో, ఆయనను అడగండి. టైం కాగితం మీద రాసుకోండి. మర్నాడు మళ్ళీ అక్కడే కూర్చోండి. దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా తిరుగుతుంది. కనుమ దాకా నాలుగు రోజుల టైములు రాసి, నాకు పంపండి.